నెట్‌వేర్ 3.12, కొత్త స్విచ్: ముప్ఫై సెకన్ల పేచీ

పాత 10/100 స్విచ్ తీసి కొత్త మేనేజ్డ్ స్విచ్ పెట్టినప్పటి నుంచి డాస్ యంత్రం నెట్‌వేర్ (నోవెల్ సంస్థ పాత ఫైల్ సర్వర్ వ్యవస్థ) సర్వర్‌లోకి లాగిన్ కాకుండా మొరాయిస్తూ వచ్చింది. నిన్న రాత్రి ఎట్టకేలకు, పవర్ ఆన్ చేసింది మొదలు సర్వర్ తాలూకు ఎఫ్ డ్రైవ్ కనిపించేదాకా ఎక్కడా ఆగలేదు. లోపం నెట్‌వేర్ వాడే ప్రొటోకాల్ ఐపీఎక్స్‌లో లేదు. సగం స్పానింగ్ ట్రీలో (స్విచ్‌ల మధ్య లూపులు పడకుండా కొత్త లింకును కాసేపు ఆపి ఉంచే పద్ధతి) ఉంది, మిగతా సగం అసలు లింకులోనే ఉంది.

తేలికగా తేలినవి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఈ స్విచ్‌లోని 2.5 గిగాబిట్ పోర్టులకు 10 ఎంబీపీఎస్ వేగం లేదు కనుక డాస్ యంత్రంలోని 3కామ్ 3సి509బి నెట్‌వర్క్ కార్డును 10/100/1000 పోర్టుకు మార్చాను. ఫ్రేమ్ టైపు (ఈథర్‌నెట్ ప్యాకెట్ రూపం) రెండు వైపులా 802.2 గానే ఉంది. కొత్త స్విచ్‌లు ఐపీఎక్స్‌ను సపోర్ట్ చేయవని చాలామంది అంటారు గాని, ఆ మాట రౌటింగ్‌కే వర్తిస్తుంది. లేయర్ 2లో, అంటే స్విచ్ ఫ్రేములను చేరవేసే స్థాయిలో, ఫ్రేమ్ లోపల ఏముందో స్విచ్‌కు పట్టదు.

ఇక మొండికేసిన సంగతి. నెట్‌వేర్ క్లయింట్ భాగాలు ఎల్‌ఎస్‌ఎల్, 3సి5ఎక్స్9 (కార్డు) డ్రైవర్, ఐపీఎక్స్‌ఓడీఐ శుభ్రంగా లోడ్ అవుతాయి. సర్వర్‌ను వెతికే చివరి భాగం వీఎల్‌ఎం మాత్రం ఫైల్ సర్వర్ దొరకలేదంటుంది. ఏమీ మార్చకుండా అర నిమిషం ఆగి దాన్నే మళ్లీ నడిపితే లాగిన్ అవుతుంది. సర్వర్ కన్సోల్‌లో వచ్చే అభ్యర్థనలను చూపే ట్రాక్ ఆన్ పెట్టి చూస్తే, విఫలమైన ప్రతిసారీ గెట్ నియరెస్ట్ సర్వర్ అభ్యర్థన (దగ్గరి సర్వర్ ఏదని క్లయింట్ అడిగేది) తెర మీదికి రానేలేదు. రెండు పోర్టులనూ మిర్రర్ చేసి (ట్రాఫిక్ నకలు తీసి) వైర్‌షార్క్‌లో చూసినప్పుడు, 0452 సాకెట్‌కు వెళ్లే ఆ బ్రాడ్‌కాస్ట్ క్లయింట్ పోర్టులోకి వస్తోంది, సర్వర్ పోర్టు నుంచి బయటికి మాత్రం పోవడం లేదు. లింక్ వచ్చిన 30 సెకన్లకు అదే అభ్యర్థన హాయిగా దాటిపోతోంది. 15, 15 కలిపితే 30: ఫార్వర్డ్ డిలే (పోర్టును తెరిచే ముందు స్పానింగ్ ట్రీ ఒక్కో దశలో కాచుకునే సమయం) రెండుసార్లు. స్విచ్‌లో ఉన్నది ఆర్‌ఎస్‌టీపీయే (స్పానింగ్ ట్రీకి వేగమైన రూపం) అయినా, దాని చురుకుదనం అవతల మరో స్విచ్ ఉన్నప్పుడే పనికొస్తుంది. స్పానింగ్ ట్రీ సందేశాలైన బీపీడీయూలకు బదులివ్వని కంప్యూటర్ ఉన్న చోట, పోర్టును ఎడ్జ్‌గా (అవతల స్విచ్ లేని చివరి పోర్టుగా) గుర్తించకపోతే పాత పద్ధతిలోనే కాచుకోవాలి.

లింక్ లైటు వెలుగుతుండగా డాస్ ప్రాంప్ట్ దగ్గర చాలాసేపు ఆగి ఆ తర్వాత డ్రైవర్లు లోడ్ చేసినా ఫలితం మారకపోవడమే నన్ను ఎక్కువ విసిగించింది. కార్డు వెనక కూర్చుని చూస్తే విషయం అర్థమైంది: 3సి5ఎక్స్9 లోడ్ అయ్యే క్షణంలో ఆకుపచ్చ లైటు ఒక్కసారి ఆరి మళ్లీ వెలుగుతోంది. లింక్ పడి లేవడంతో స్విచ్ లెక్క మళ్లీ మొదటికొస్తోంది. అందుకే ఆటోఎగ్జెక్‌లో పాజ్‌ను ఆ డ్రైవర్‌కు ముందు పెడితే దండగ, తర్వాత పెడితే లాగిన్.

పోర్టును ఎడ్జ్ చేయగానే 30 సెకన్ల ఆలస్యం రెండు మూడు సెకన్లకు దిగింది, కానీ మొదటి ప్రయత్నం అప్పుడప్పుడూ తప్పుతూనే ఉంది. ఆటో ఎడ్జ్ కాచుకునే 3 సెకన్లేమో అనుకుని ఎడ్జ్‌ను ఖాయం చేశాను, తేడా లేదు. బ్రాడ్‌కాస్ట్‌ల వరదను అడ్డుకునే స్టార్మ్ కంట్రోల్ తీసేసినా అంతే. మల్టీకాస్ట్‌ను వడగట్టే ఐజీఎంపీ స్నూపింగ్‌కు ఈ బ్రాడ్‌కాస్ట్‌తో సంబంధమే లేదు. చివరికి మిగిలింది ఆటో నెగోషియేషన్, అంటే రెండు కొసలూ వేగం, డూప్లెక్స్ కుదుర్చుకోవడం. ఈ కార్డు మామూలు లింక్ పల్సులే పంపుతుంది కనుక, స్విచ్ తన ఫాస్ట్ లింక్ పల్సులకు జవాబు రాక, ప్యారలల్ డిటెక్షన్‌తో (వచ్చే సిగ్నల్‌ను బట్టి వేగం పోల్చుకుని) 10 హాఫ్‌కు, అంటే 10 ఎంబీపీఎస్ హాఫ్ డూప్లెక్స్‌కు దిగాలి. ఆ లోపు ఆటో ఎండీఐఎక్స్ (నేరు, క్రాస్ కేబుల్ తేడాను స్విచ్ తానే సర్దుకునే ఏర్పాటు) తీగల జతలను అటూ ఇటూ మారుస్తూ ఉండటం వల్లే సమయం పోతోందని నా ఊహ. పోర్టును 10 హాఫ్‌కు బిగించేశాక లైటు సెకను లోపే తిరిగి వస్తోంది, లాగిన్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఫుల్ డూప్లెక్స్ జోలికి పోవద్దు, అవతలి కార్డు హాఫ్‌లో ఉంటే లేట్ కొలిజన్లు తప్పవు.

మధ్యలో చవక అన్‌మేనేజ్డ్ స్విచ్ ఒకటి పెట్టేస్తే పోతుంది కదా అంటారు. పోతుంది, పెద్ద స్విచ్ వైపు లింక్ పడదు కనుక. కాని ఇంకో పవర్ అడాప్టర్ చేరుతుంది, ఆ పోర్టును విడిగా మిర్రర్ చేసే వీలూ పోతుంది. సిస్కో క్యాటలిస్ట్ 2950 స్విచ్‌లో ఎడ్జ్ పని పోర్ట్‌ఫాస్ట్ అనే ఒక్క లైనుతో అయ్యేది. దాని ఫ్యాను మోతే భరించలేం. కార్డుల్లో మాత్రం నా ఓటు ఎప్పుడూ 3సి509బికే, ఎన్‌ఈ2000 నకళ్ల జంపర్లతో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు.

తర్వాతి పని క్వాడ్రా 650 అనే పాత మ్యాక్‌తో యాపిల్‌టాక్ (యాపిల్ పాత నెట్‌వర్క్ ప్రొటోకాల్). మ్యాక్‌లకు ఫైల్ సర్వర్‌గా పనిచేసే నెటాటాక్ 4లో అది తిరిగి వచ్చింది కనుక సర్వర్ బెంగ లేదు. యాపిల్‌టాక్ అడ్రస్ ఎంచుకునే ఏఏఆర్‌పీ సెకనులో అయిదో వంతుకొకటి చొప్పున పది ప్రోబులు పంపి, జవాబు రాకపోతే అడ్రస్ ఖాళీగా ఉందనుకుంటుంది; పోర్టు మూసి ఉంటే ఆ 2 సెకన్లూ వృథా, పైగా మ్యాక్ ఎర్రర్ కూడా చూపదు. యాపిల్‌టాక్ ఫేజ్ 2 (రెండో వెర్షన్) బ్రాడ్‌కాస్ట్‌లు 09:00:07:ఎఫ్ఎఫ్:ఎఫ్ఎఫ్:ఎఫ్ఎఫ్ అనే మల్టీకాస్ట్ అడ్రస్‌కు పోతాయి కాబట్టి, ఐపీఎక్స్‌కు అక్కరలేకపోయిన మల్టీకాస్ట్ ఫిల్టర్ సెట్టింగులు ఇక్కడ ముందే చూసుకోవాలి. క్వాడ్రాకు ఏఏయూఐ ట్రాన్సీవర్ (దాని ఈథర్‌నెట్ సాకెట్‌కు మామూలు కేబుల్ తగిలించే పెట్టె) కావాలి. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) పాత సరుకు అమ్మే దుకాణాల్లో ఈ వారం అడుగుతాను.