ఇంటి పన్ను రశీదులో ఉన్న లైబ్రరీ: మా ఊరి గ్రంథాలయం కోసం తిరిగిన అనుభవం

మా ఊరి శాఖా గ్రంథాలయం ఒక అద్దె ఇంటి ముందు గదిలో ఉండేది. పాత గ్రంథాలయాధికారి రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. వేరే ఊళ్లో పనిచేసే ఆవిడకి ఇన్‌చార్జి ఇచ్చారు. రెండు ఊళ్ల తాళాలూ ఒక్క మనిషి చేతిలో పెడితే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? వారంలో సగం రోజులు మా దగ్గర తలుపు తెరుచుకునేది కాదు. కొన్నాళ్లకి పాత బిల్లులు రాలేదని ఏజెంటు పేపర్లు వేయడం మానేశాడు. అద్దె బాకీ పెరిగేసరికి ఇంటాయన ఖాళీ చేయమన్నాడు. ఇక ఊళ్లో మాట మొదలైంది: "ఇక్కడిది ఎత్తేసి మండలంలో దాంట్లో కలిపేస్తారంట."

మండల కేంద్రం మాకు దగ్గరేం కాదు. సాయంత్రం ఆరు దాటితే ఆటో దొరకదు. నేను ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతాను కాబట్టి ఆ గదిలో ఎవరెవరు కూర్చుంటారో నాకు తెలుసు. 16,347 టీచర్ పోస్టులతో మెగా డీఎస్సీ పడినప్పుడు బల్లలు చాలక ఆడపిల్లలు కింద చాప వేసుకుని చదివారు. ఇంట్లో కూర్చుంటే ఏదో ఒక పని చెబుతారు, అక్కడైతే రెండు గంటలు ఎవరూ కదిలించరు. పట్నం వెళ్లి స్టడీ హాల్‌కి నెలనెలా ఫీజు కట్టగలిగే పిల్లలు కారు వాళ్లు. ఆ గది పోతే ముందు చదువు మానేది వాళ్లే. నేను కదలడానికి కారణం అదే.

మొదట జిల్లాలోని గ్రంథాలయ ఆఫీసుకి వెళ్లాం, నేనూ, రిటైరైన మా తెలుగు మాస్టారూ. అక్కడి ఉద్యోగి ఒకాయన మర్యాదగానే కూర్చోబెట్టి మాట్లాడారు. "అమ్మా, రెగ్యులర్ స్టాఫ్ జీతాలు ప్రభుత్వం ఇస్తుంది. అద్దె, కరెంటు, పేపర్లు, పుస్తకాలు, ఔట్‌సోర్సింగ్ వాళ్ల జీతాలు మాత్రం ఇంటి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు మీదే నడవాలి. పంచాయతీల నుంచి సెస్సు రాకపోతే మేం ఎక్కడి నుంచి తేవాలి?" అన్నారు. మూసేస్తారా అని సూటిగా అడిగితే ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇంటికొచ్చి ఇంటి పన్ను రశీదు తీశాను. ఇన్నేళ్లుగా మొత్తం చూసి కట్టేయడమే తప్ప గడులు చదివిన వాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు. అందులో ఇంటి పన్ను 900, దాని కింద గ్రంథాలయ పన్ను 72 అని విడిగా ఉంది. లెక్క సరిపోయింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలు చేస్తారు. తెలంగాణలోనూ ఇదే పద్ధతి. పంచాయతీగానీ మున్సిపాలిటీగానీ వసూలు చేసేదే, కానీ ఆ డబ్బు వాళ్లది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. అంటే మా గ్రంథాలయానికి మేం ఏటా కడుతూనే ఉన్నాం. ఎవరి దయా మాకు అక్కర్లేదు, మేం కట్టింది చేరాల్సిన చోటికి చేరితే చాలు.

పంచాయతీకి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులకి దీనికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దరఖాస్తులో "గ్రంథాలయానికి డబ్బు ఎందుకు ఇవ్వట్లేదు" అని రాస్తే పనికొచ్చే జవాబు రాదు. కాగితం మీద ఉన్న లెక్క అడగాలి. మాస్టారు కూర్చుని ఇలా రాయించారు: గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో సంవత్సరం వారీగా ఇంటి పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత, అందులో గ్రంథాలయ సెస్సు ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేసింది ఎంత, జమ చేసిన తేదీలు, చలానా నకళ్లు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర లేకపోతే తర్వాత మనం దరఖాస్తు ఇచ్చామని రుజువే ఉండదు.

ముప్పై రోజుల గడువు దాటినా జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాం. ఆ రోజుల్లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. ఊళ్లో పంచాయతీ వాళ్లతో రేపు ఇంకో పని పడుతుంది, ఎందుకొచ్చిన గొడవ అని ఇంట్లో అనేవాళ్లు. అప్పీలు వెళ్లాక జవాబు వచ్చింది. ఒక్క పేజీ, చేత్తో గీసిన పట్టిక. వసూలు గడిలో ప్రతి ఏడూ అంకె ఉంది. జమ గడిలో మొదటి ఏడాదికి కొంత, తర్వాత వరసగా అడ్డగీతలు. చలానా నకలు ఒక్కటే జతచేశారు.

పంచాయతీ కార్యదర్శి గారిని దొంగని అనడానికి లేదు. ఆయన మాతో దాపరికం లేకుండా మాట్లాడారు. "వసూలైనదంతా ఖజానాకి వెళ్తుంది మేడం. అక్కడి నుంచి బిల్లు పెట్టి తీసుకోవాలి. వీధి దీపాల కరెంటు బకాయి, పారిశుద్ధ్యం వాళ్ల జీతాలు, మోటారు రిపేర్లు నెత్తి మీద ఉంటాయి. గ్రంథాలయం గురించి ఈ ఆఫీసుకొచ్చి అడిగినవాళ్లే లేరు." చెత్త ఎత్తకపోతే మర్నాడే జనం పంచాయతీ ముందు నిలబడతారు. చదివే గదికి తాళం పడితే ఎవరి ఇంట్లో వాళ్లు బాధపడతారు. మా ఊళ్లో అలా బాధపడిన వాళ్లని ఒకచోటికి చేర్చడమే మాకు పట్టిన అసలు పని.

ఆ పట్టికని జిరాక్స్ తీయించి రచ్చబండ దగ్గర, డ్వాక్రా సంఘం మీటింగుల్లో పంచాం. కొత్తగా ఏమీ అడగట్లేదు, మీ రశీదులో ఉన్న గ్రంథాలయ పన్ను ఎటుపోయిందో చూడండి అని చెప్పాం. ఎవరి రశీదు వాళ్లు తీసి చూసుకున్నారు. గ్రామసభకి మామూలుగా రానివాళ్లు కూడా వచ్చారు. మాస్టారు మాట్లాడుతూ 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఎలా పుట్టిందో, అయ్యంకి వెంకట రమణయ్య గారు అందుకోసం ఎంత తిరిగారో చెప్పారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం వాళ్లు పడవలో పుస్తకాలు వేసుకుని కాలువ వెంట ఊళ్లకి తిప్పిన సంగతి చెప్పేసరికి సభలో ఒక పెద్దాయన లేచి, "అప్పుడు పడవ కట్టారు, ఇప్పుడు గది కూడా ఇవ్వలేమా సర్పంచి గారూ?" అన్నారు. సర్పంచి గారు అక్కడే ఒప్పుకున్నారు. బకాయి విడతలుగా జమ చేయాలని, పాత పంచాయతీ భవనంలో ఖాళీగా ఉన్న గది అద్దె లేకుండా ఇవ్వాలని తీర్మానం రాశారు.

తీర్మానం నకలు, పట్టిక, రెండొందల చిల్లర సంతకాలు జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాం. రశీదు నంబరు ఇచ్చారు. మాతో పాటు ఇద్దరు డీఎస్సీ అమ్మాయిలు వచ్చారు, అధికారితో వాళ్లే మాట్లాడారు. నేను పక్కన నిలబడ్డాను. అర్జీలో కాగితం ఎంత పక్కాగా ఉన్నా, ఆ గదిలో చదివే పిల్ల నోటి వెంట వచ్చిన మాటకి ఉన్న బరువు వేరు. అలాంటి చోటికి వెళ్లేవాళ్లు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.

పని సగమే అయింది. బకాయిలో మొదటి విడత జమ అయి, చలానా నకలు మా చేతికి వచ్చింది. బీరువాలు పాత పంచాయతీ గదికి చేరాయి. విలీనం ఊసు ఇప్పటికైతే ఆగింది. పేపర్లు మళ్లీ వస్తున్నాయి. కానీ గ్రంథాలయాధికారి పోస్టు ఖాళీగానే ఉంది, ఇన్‌చార్జి ఆవిడ రాని రోజుల్లో తలుపు మూసే ఉంటోంది. అందుకే ఈసారి దరఖాస్తు జిల్లా ఆఫీసుకి వేశాం. మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, ఏ పంచాయతీ, ఏ మున్సిపాలిటీ ఎంత సెస్సు బాకీ ఉందో ఊళ్లవారీగా అడిగాం. ఆ జాబితా వస్తే పక్క ఊళ్ల వాళ్లకీ ఇస్తాం. వాటిలో రెండు ఊళ్ల నుంచి అప్పుడే ఫోన్లు వస్తున్నాయి, అప్పీలు కాగితం ఎలా రాశారో పంపమని.