తుపాకీ కింద లైటు, చేతిలో టార్చి

గన్ను ఇంట్లో ఉండటమే మా ఆవిడకి ఇష్టం లేదు. దానికి మళ్ళీ లైటొకటి కొంటానంటే, "పండక్కి సీరియల్ సెట్టు కూడా చుట్టండి, బాగుంటుంది" అంది. నేనేం మాట్లాడలేదు. మాట్లాడితే గన్ను సంగతి మళ్ళీ మొదటికొస్తుంది.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. హెచ్1బీ మీద ఉన్నన్నాళ్ళూ గన్ను ఊసు ఎత్తలేదు. అలాంటి తాత్కాలిక వీసాల మీదున్నవాళ్ళు గన్ను కొనడం, దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డవాడు అలాంటి సందుల్లో దూరడం తెలివైన పని కాదు. కొట్లో నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగానే అడుగుతారు. మనవాళ్ళు కొంతమంది "టెక్సస్ కదా, ఎవడడుగుతాడు" అంటుంటారు. అడుగుతారండీ.

నాకు కార్డు 2021లో వచ్చింది. మరుసటేడు మా వీధిలోనే ఒక తెలుగువాళ్ళు పెళ్ళికెళ్తే ఇంట్లో దొంగలు పడ్డారు. టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్‌లు ముట్టుకోలేదు. క్లోజెట్లో బట్టల మధ్యనున్న బంగారం ఒక్కటే ఎత్తుకెళ్ళారు. ఆ నెలలోనే గ్లాక్ 19 అనే పిస్తోలు కొన్నాను, ఐదో తరంది.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో, అర్హత ఉన్న 21 ఏళ్ళు దాటినవాళ్ళు లైసెన్సు లేకుండానే నడుముకి గన్ను పెట్టుకుని తిరగొచ్చు. నేను తిరగను. నాది మంచం పక్కన సేఫ్‌లో పడుండే గన్ను. లైటు ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. నడుముకి పెట్టుకునేవాళ్ళు లైటుకన్నా ముందు హోల్‌స్టర్, అంటే గన్ను దోపుకునే ఒర, చూసుకోవాలి. హోల్‌స్టర్‌ని ఫలానా గన్నుకి, ఫలానా లైటుకి జోడీగా అచ్చు పోస్తారు. లైటు మారిస్తే హోల్‌స్టర్ కూడా మార్చాల్సిందే. నాకా బాధ లేదు. సేఫ్ మూత పడితే చాలు.

మొదట కొన్నది ముప్ఫై అయిదు డాలర్ల లైటు. పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. డబ్బా మీద అంకెలు మాత్రం ఘనంగా ఉన్నాయి. గన్ను పేల్చడం సాధన చేసే రేంజ్‌లో, మొదటి మ్యాగజైన్ తూటాలు అయ్యేదాకా బాగానే ఉంది. రెండోదానికి దానంతటదే టపటపా ఆరి వెలగడం మొదలెట్టింది. పక్క లేన్లో ఉన్న పెద్దాయన తల తిప్పి చూసి నవ్వాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే లోపల స్ప్రింగు మెత్తబడి ఉంది. గన్ను పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే దెబ్బంతా లైటు తినాలి. మామూలు టార్చికి ఆ కష్టం ఉండదు. నిజానికి ఈ లైట్ల ధరలో సగం ఆ దెబ్బకి ఓర్చుకునే శక్తికే అనుకుంటాను.

సరే, ఈసారి చదువుకుని కొందామని కూర్చున్నా. గన్ను గొట్టం కింద, ట్రిగ్గర్ ముందు ఉండే గాడినే రైల్ అంటారు. దీనికి అమెరికా సైన్యం 1995లో 1913 నంబరుతో ఒక ప్రమాణం పెట్టింది. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధశాల పేరు మీద దాన్ని పికటిన్నీ రైల్ అంటారు. గ్లాక్ రైలు మాత్రం అచ్చం అది కాదు. దానిది ఒకే ఒక్క అడ్డగాడి, కొలతా వేరు. అందుకే లైటు డబ్బాలో, ఆ గాడిలో కూర్చునే 'కీ'లనే చిన్న చిన్న ముక్కలు కొన్ని వస్తాయి, గ్లాక్‌కి ఒకటి, 1913కి ఒకటి, అలా. తప్పు కీ పెట్టి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, కానీ ముందుకీ వెనక్కీ కదులుతుంది. నాకెలా తెలుసంటారా? పుస్తకం చదవకుండా బిగించా కాబట్టి.

ఇక ల్యూమెన్ల గోల. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండేది ఇదే, మనం మోసపోయేదీ ఇక్కడే. బల్బులోంచి మొత్తం ఎంత వెలుగొస్తుందో చెప్పేది ల్యూమెన్. ఆ వెలుగు ఒకే దిక్కుకి ఎంత గట్టిగా వెళ్తుందో చెప్పేది క్యాండెలా. పొలంలో నీళ్ళ గొట్టం చివర బొటనవేలు అడ్డం పెట్టి నొక్కితే ధార దూరం వెళ్తుంది కదా. నీళ్ళు పెరగలేదు, ధార బిగిసిందంతే. ష్యూర్‌ఫైర్ ఎక్స్300 టర్బో అనే గన్ను లైటుకి 650 ల్యూమెన్లే, క్యాండెలా మాత్రం 66,000. స్ట్రీమ్‌లైట్ టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్‌కి 1,000 ల్యూమెన్లు, 20,000 క్యాండెలా. అదే కంపెనీ చిన్న లైటు టీఎల్‌ఆర్-7ఏకి 500 ల్యూమెన్లు, 5,000 క్యాండెలా. కాగితం మీద చూస్తే చివరిది పేదరాలు.

మా ఆఫీసులో ఒకతను ఆ వెయ్యి ల్యూమెన్లదీ, చిన్నదీ రెండూ అరువిచ్చాడు. గన్ను సేఫ్‌లోనే ఉంచి, లైట్లు మాత్రం చేతిలో పట్టుకుని రాత్రి పదకొండింటికి ఇల్లంతా తిరిగాను. మా పడకగది గుమ్మం నుంచి వరండా చివరి దాకా 28 అడుగులు, టేపు పెట్టి కొలిచా. గోడలన్నీ తెలుపు. చివర ఒక అద్దం, మా ఆవిడ ముచ్చటపడి పెట్టించుకున్నది. వెయ్యి ల్యూమెన్లది అటు తిప్పి నొక్కగానే అద్దంలోంచి తిరిగొచ్చి నా కళ్ళనే కొట్టింది. ఒక నిమిషం దాకా పచ్చటి మచ్చలు తప్ప ఏమీ కనపడలేదు. దొంగకి పడాల్సిన దెబ్బ నాకు పడింది. చిన్నదాన్ని నేల మీదకి వేసి చూస్తే వరండా అంతా తేటగా తెలిసింది, ఎవరి చెప్పులు ఏ మూలనున్నాయో కూడా.

ఆ పెద్ద క్యాండెలాలు పనికిరావని కాదు. వీధిదీపం వెనకున్నవాడు కనపడాలన్నా, కారు అద్దాల్లోకి చూడాలన్నా, పొలం గట్టుకి అవతల చూడాలన్నా అవే కావాలి. కానీ మా ఫెన్సు అవతల చూడాల్సిన పని నాది కాదు, 911కి ఫోన్ చేస్తే వచ్చే పోలీసులది. నేను చిన్నదే కొన్నా. గ్లాక్ 19 మూతి దగ్గర అచ్చంగా సమానంగా ఆగిపోతుంది, ముందుకి పొడుచుకు రాదు. ఒకే ఒక్క సీఆర్123ఏ బ్యాటరీ, పూర్తి వెలుగులో గంటన్నర.

స్విచ్చు గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే కొట్లో దీని గురించి ఎవరూ చెప్పరు. మా పక్క ఊరే ప్లేనో. 2010లో అక్కడొక పోలీసు, లైటు వెలిగిద్దామనుకుని ట్రిగ్గర్ నొక్కేశాడు. మనిషి పోయాడు. ఆయన గన్ను మీదున్నది, పిడి ముందువైపు మధ్యవేలితో నొక్కే రకం స్విచ్చు. కంగారులో ఒక వేలు బిగిస్తే పక్క వేలూ బిగుస్తుంది. పిడికిలి బిగించి ఒక్క మధ్యవేలే కదపడానికి ప్రయత్నించండి, తెలుస్తుంది. అందుకే నేను లైటు వెనక అంచున ఉండే మీట ఉన్నది తీసుకున్నా. దాన్ని నొక్కేది ఎడమచేతి బొటనవేలు, ట్రిగ్గర్ చేతికి దాంతో పనిలేదు. టపటపా కొట్టుకునే స్ట్రోబ్‌ని కూడా ఆపేశా. అది వెలుగుతుంటే నాకే తల తిరుగుతుంది.

బిగించేటప్పుడు మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీయా కాదా అని కంటితో, వేలితో రెండుసార్లు చూసి, ఆ తర్వాత గొట్టంతో సహా పైనున్న స్లైడ్ పూర్తిగా ఊడదీసి, కింద మిగిలిన ఒట్టి ఫ్రేముకి బిగించాను. మూతి ముందు చేతులు పెట్టి పనిచేసే అవసరమే రాదు. ఇంకో చిట్కా: పేల్చినకొద్దీ లైటు అద్దం మసి పట్టి నల్లబడుతుంది. రేంజ్‌కెళ్ళే ముందు అద్దం మీద పెదాలకి రాసుకునే లిప్ బామ్ పల్చగా రాస్తే తర్వాత గుడ్డతో తుడిస్తే పోతుంది. మా అమ్మాయి లిప్ బామ్ ఒకటి అలా రేంజ్ బ్యాగులోకి చేరిపోయింది.

ఇదంతా అయ్యాక, ఇక నా పని అయిపోయిందనుకున్నా.

కిందటి మార్చిలో అమ్మా నాన్నా వచ్చారు, తెనాలి దగ్గర మా ఊరినుంచి. వచ్చిన మూడో రాత్రి, రెండూ నలభైకి కింద వంటింట్లో స్టీలు గిన్నె చప్పుడైంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేను లేచి సేఫ్ దగ్గరకెళ్ళి నాలుగంకెల్లో రెండు నొక్కాను. కింద ఎవరో దగ్గారు. ఆ దగ్గు పుట్టినప్పటినుంచీ వింటున్నా. మిగతా రెండంకెలూ నొక్కలేదు.

ఫోను వెలుగులో కిందకెళ్తే, నాన్న చీకట్లో అల్మారాలు తడుముతున్నాడు. "కాఫీపొడి ఎక్కడ పెట్టుకుంటార్రా? లైటేస్తే పిల్ల లేస్తుందని వెయ్యలా" అన్నాడు. వాళ్ళకది మధ్యాహ్నం మరి.

ఆయన దగ్గకపోయి ఉంటే? గన్ను కిందున్న లైటుతో మనిషిని చూడాలంటే గన్ను మూతి ఆ మనిషి వైపు, కనీసం ఆ పక్కకి తిరగాల్సిందే. చీకట్లో గన్ను వాడటం నేర్పే క్లాసుకి నేను వెళ్ళినప్పుడు మాస్టారు ఈ మాట మొదటి పది నిమిషాల్లోనే చెప్పాడు. గన్ను లైటు వెతకడానికి కాదు, చేతి టార్చి వేరే ఉండాలి అని. నేను తలూపి, బ్రేక్‌లో క్యాండెలాల గురించి అడిగాను.

మర్నాడే యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే చేతి టార్చి ఒకటి కొన్నా. దాంతోపాటు వరండాకీ, మెట్లకీ, వంటింటికీ మనిషి కదిలితే వెలిగే చిన్న ప్లగ్ లైట్లు నాలుగు. నాలుగూ కలిపి గన్ను లైటు ధరలో పదో వంతు లేవు. ఆ తర్వాత నాన్న లేస్తే ఆయన వెంట ఒక్కొక్కటీ వెలుగుతూ పోయేవి, నేను మంచం మీంచే చూస్తుండేవాణ్ణి. గన్ను లైటు తీసెయ్యలేదు, అది దాని చోటనే ఉంది. సేఫ్ కూడా తాళంతోనే. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. పదిహేడు నిండని పిల్లలకి అందేలా గన్ను వదిలేస్తే ఇక్కడ నేరం, చట్టం లేకపోయినా నేను వదలను.

టార్చి వచ్చిన రోజు నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూశాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు రాత్రి కరెంటుకి మోటారు వెయ్యడానికి మూడు బ్యాటరీల టార్చితో గట్ల మీద నడిచిన మనిషి. నేను గోడ మీదకి వేసి చూపిస్తే, నా చేతిలోంచి లాక్కుని పైకి, సీలింగు మీదకి వేశాడు. గదంతా ఒక్కసారి మెత్తగా వెలిగింది. "పాముకైతే కాలి ముందు వెయ్యాలి. మనిషైతే పక్కన చెట్టు మీద వెయ్యాలి. మొహాన వేస్తే వాడికీ కోపం వస్తుంది, నీకూ వాడెవడో తెలవదు" అన్నాడు. నేను నూట యాభై డాలర్లు కట్టి క్లాసులో నేర్చుకున్నదీ ఇంచుమించు ఇదే.

వెళ్ళే ముందు పెట్టెలు సర్దుతుంటే అడిగాడు: "ఆ తుపాకీ కిందది చిన్నగా భలే ఉందిరా. అది ఊడదీసి నాకియ్యకూడదూ? మోటారు పాకలోకి."

"ఒక్క బ్యాటరీ మూడు డాలర్లు నాన్నా. తెనాల్లో దొరుకుతుందో లేదో. గంటన్నరకి అయిపోద్ది."

మూడింటిని ఎనభై చిల్లరతో మనసులోనే హెచ్చవేసుకున్నట్టున్నాడు. ఏం మాట్లాడకుండా చేతి టార్చి తీసుకుని, చొక్కాల మధ్యన కాకుండా, చేతిసంచిలో పెట్టుకున్నాడు.