ఫుడింగ్‌లో వైట్ టీ చేయడం నేర్చుకున్నాను: నా అనుభవం

షాంఘైలో ఉద్యోగం చేసే రోజుల్లో వైట్ టీ నాకు బాగా అలవాటైంది. అది ఎలా తయారవుతుందో కళ్లారా చూడాలని, ఒక వసంతంలో సెలవు పెట్టి ఫుజియాన్ ప్రావిన్స్‌లోని ఫుడింగ్‌కు రైలెక్కాను. తైమూ కొండల దగ్గర టీ చేసే ఒక కుటుంబం, పనిలో చెయ్యేస్తానంటే తమ ఇంట్లో ఉండనిచ్చింది.

ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్ పండగకు ముందు కోసిన టీకే గిరాకీ. మేం చేసింది బైహావో యిన్‌జెన్. వైట్ టీల్లో అన్నిటికన్నా మేలైనది అదే. ఫుడింగ్ దాబై, ఫుడింగ్ దాహావో అనే రకాల మొక్కల నుంచి లావుపాటి మొగ్గ ఒక్కటే తీస్తారు. మంచు ఆరకముందు కోయరు, వానలో కోయరు. ఊదారంగు తిరిగినవి, పురుగు కొట్టినవి, విచ్చుకున్నవి వదిలేస్తారు. ఎంతసేపు కోసినా బుట్ట నిండదు. దీని ధర అంత ఎక్కువ ఎందుకో నాకు అక్కడే అర్థమైంది.

అసలు కష్టం ఆ తర్వాతే. గ్రీన్ టీ ఆకును కోయగానే వేడి చేస్తారు. అస్సాం టీ ఆకును నలిపి ఎర్రబడనిస్తారు. వైట్ టీకి ఈ రెండూ లేవు. వాడ్చడం, ఆరబెట్టడం, అంతే.

పెద్ద వెదురు పళ్లేల మీద మొగ్గలు ఒకదాని మీద ఒకటి పడకుండా, వడియాలు పెట్టినట్టు పలచగా పరచాలి. పరిచాక తిరగేయకూడదు. చెయ్యి ఒరుసుకున్న చోట మొగ్గ ఎర్రబడిపోతుంది. లేత ఎండలో కొంతసేపు, గాలాడే గదిలో కొంతసేపు, అలా రెండు మూడు రోజులు. నీరు మెల్లగా పోతుంటే మొగ్గలోని ఎంజైములు పనిచేసి పచ్చివాసన, వగరు తగ్గిస్తాయి. తొందరగా ఎండితే పచ్చివాసన మిగిలిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. ఉత్తరపు గాలి వీస్తే ఇంట్లో అందరికీ హుషారు. దక్షిణం నుంచి తేమగాలి మొదలైతే టెన్షన్. ఒక సాయంత్రం మబ్బు పట్టగానే పళ్లేలన్నీ లోపలికి మోసి వేడిగాలి గదిలో పెట్టాం. ఇంటి పెద్దాయన ఆ రాత్రి మాటిమాటికీ లేచి వాసన చూసి వచ్చాడు. ఆయన్ని చూశాక, ఇది ఏమీ చేయకుండా తయారయ్యే టీ అని ఎవరన్నా నాకు ఒప్పబుద్ధి కాదు.

చివర్లో సన్న సెగ మీద ఆరబెట్టాం. తేమ 8.5 శాతానికి మించకూడదని చైనా ప్రమాణం.

ఈ టీ పెట్టుకోవడానికి నీళ్లు 85 నుంచి 90 డిగ్రీలు చాలు. పాలు, పంచదార వద్దు. మొగ్గ మీది తెల్లటి నూగు కప్పులో తేలుతుంది, దాన్ని చూసి మురికి అనుకోకండి. మొదటి గుక్కకు రుచేమీ తెలియదు. తర్వాత నాలుక మీద సన్నని తీపి, ఎండుగడ్డి వాసన నిలుస్తాయి. ఇందులో కెఫీన్ తక్కువని చాలామంది చెబుతారు కానీ, లేత మొగ్గల్లో అది ఎక్కువే ఉంటుంది. ఏడేళ్లు దాచితే నిధి అని అక్కడివాళ్లు అంటారు. మందుగా పనిచేస్తుందన్న మాట నేను పట్టించుకోను కానీ, పాతబడ్డ వైట్ టీలో ఖర్జూరాన్ని తలపించే తీపి వస్తుంది, అది నాకెంతో ఇష్టం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బై ముదాన్ కొనుక్కోండి. అందులో మొగ్గతోపాటు ఒకటి రెండు లేత ఆకులుంటాయి, ధరా తక్కువ, రుచీ త్వరగా తెలుస్తుంది.