మా మిరియం మొరగడం మానలేదు, తగ్గింది. దానికే పద్నాలుగు నెలలు పట్టింది

ముందే చెప్పేస్తున్నా, మా కుక్క ఇప్పటికీ మొరుగుతుంది. మూడు వారాల్లో కుక్క మారిపోయిన కథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మిరియం వీధికుక్క పిల్ల. నల్లగా, గుండ్రంగా ఉందని అమ్మ ఆ పేరు పెట్టింది. 2021 మే నెలలో, తెలంగాణలో రెండోసారి లాక్‌డౌన్ పెట్టిన రోజుల్లో, నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక స్కూటీ కింద దొరికింది. అప్పటికి నెలన్నర వయసు ఉంటుందేమో. మాకు కరోనా భయం, ఇంటికి వచ్చేవాళ్లు లేరు, పాలతను కూడా ప్యాకెట్లు గేటు దగ్గరే పెట్టి వెళ్లిపోయేవాడు. కుక్కపిల్లలు మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా ఏం చూస్తే అవన్నీ మామూలు విషయాలే అని మనసులో వేసుకుంటాయట. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, ఇంకో కుక్క, లిఫ్ట్ చప్పుడు, ఏవైనా సరే. మా మిరియం ఆ వారాల్లో చూసింది నన్ను, అమ్మని, సీలింగ్ ఫ్యాన్‌ని.

తొమ్మిదో నెల దాటాక మొదలైంది. వీధిలో ఇంకో కుక్క కనిపిస్తే చాలు, వెనక కాళ్ల మీద లేచి, లీష్ తెగేలా లాగుతూ, గొంతు పోయేదాకా మొరిగేది. పెద్ద బ్యాగు వేసుకున్న డెలివరీ అబ్బాయిలన్నా అంతే. ఇలాంటి కుక్కల్ని రియాక్టివ్ అంటారని అప్పటికి నాకు తెలియదు. కోపిష్టి కుక్క అనుకునేదాన్ని. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందిలే అని నాలుగు నెలలు చేజేతులా పోగొట్టుకున్నాను.

తర్వాత లిఫ్ట్ గొడవ. తలుపు తెరుచుకుంది, లోపల నాలుగో అంతస్తు సార్, ఆయన ముసలి లాబ్రడార్, ఆయన చేతిలో రెండు పెరుగు ప్యాకెట్లు. మిరియం ఒక్క దూకు దూకింది. లీష్ నా అరచేతిని కోసుకుంటూ జారింది, ఆయన వెనక్కి తగ్గబోయి గోడకి కొట్టుకున్నారు, ప్యాకెట్లు కింద పడి పగిలాయి. ఇంత జరుగుతుంటే లాబ్రడార్ మాత్రం తల వంచుకుని పెరుగు నాకుతోంది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. రాత్రికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చర్చ, అసలు కుక్కల్నే వద్దందాం అని ఎవరో అన్నారు. జంతు సంక్షేమ మండలి 2015లోనే ఒక సర్క్యులర్ ఇచ్చింది, మెజారిటీ ఓటు వేసినా సరే సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ ఎక్కొద్దనీ అనకూడదు అని. నేను దాన్ని గ్రూపులో పెట్టాను. గెలిచాను గానీ మర్నాడు ఎవరూ పలకరించలేదు. పక్కింటి పిన్నిగారు కూడా.

ఆ సిగ్గుతోనే ఒక ట్రైనర్‌ని పిలిచాను. ఆయన మిరియం మెడకి చోక్ చైన్ వేయించారు, లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు. మొరిగిందంటే ఒక్క జెర్క్ ఇవ్వాలి, ఇంట్లో లీడర్ మీరే అని దానికి తెలియాలి అన్నారు. తోడేళ్ల గుంపులో ఆల్ఫా, అంటే అన్నిటి మీదా పెత్తనం చేసే తోడేలు ఉంటుంది, కుక్కకీ మనం ఆల్ఫా అవ్వాలి అని చాలామంది చెప్తారు కదా, అదే. ఆ మాటని 1970లో తన పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే 1999లో దాన్ని సవరించుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లి, తండ్రి, పిల్లలు, అంతే అన్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడైతే జెర్క్ ఇచ్చాను. నా చేత్తోనే ఇచ్చాను, అది ఆ ట్రైనర్ మీదకి నెట్టేసేది కాదు.

రెండు వారాల్లో మిరియం గుర్రుమనడం మానేసింది. ఎంత సంతోషించానో. మూడో వారం కొరియర్ అబ్బాయి సంతకం కోసం ఫోన్ చాపుతుంటే, చిన్న చప్పుడు కూడా లేకుండా వెళ్లి ప్యాంటు పట్టుకుంది. చర్మానికి తగల్లేదు, దానికి రేబిస్ టీకాలు కూడా అన్నీ వేయించి ఉన్నాయి, అయినా అతన్ని కూర్చోబెట్టి కాలంతా చూశాను, ప్యాంటు డబ్బులు ఇచ్చాను, క్షమించమన్నాను. అతను పాపం "పర్లేదక్కా" అంటూనే ఉన్నాడు, చేతులు మాత్రం వణుకుతున్నాయి. గుర్రుమనడం అంటే దగ్గరికి రావద్దని చెప్పడం. మేం హారన్ పీకేసి బండిని రోడ్డు మీదకి వదిలాం. చైన్ ఆ రోజే తీసేశాను.

తర్వాత వెట్ డాక్టర్ దగ్గరికి. ట్రైనింగ్ సంగతి తర్వాత, ముందు ఎక్కడైనా నొప్పి ఉందేమో చూద్దాం అని ఆవిడ రక్త పరీక్ష రాశారు. టిక్ ఫీవర్ అని తేలింది, ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నాయి. పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జబ్బు, మన దగ్గర మామూలే. 28 రోజులు డాక్సీసైక్లిన్ వేశాం. కీళ్లు నొప్పి పెడుతున్న కుక్కని మెడ పట్టి లాగానన్నమాట నేను. మందుతో మొరగడం పోలేదు గానీ, నిద్ర బాగా పట్టింది, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం తగ్గింది. ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే, ట్రైనర్ కంటే ముందు డాక్టర్.

అసలు పని 2022 జూన్‌లో మొదలుపెట్టాం. ఆ డాక్టరే చెప్పారు, ఇది కోపం కాదమ్మా, భయం, అవతలి కుక్కని దూరంగా పంపడానికి దానికి తెలిసిన ఉపాయం మొరగడమే అని. కాబట్టి మొరగడాన్ని కాదు, భయాన్ని తగ్గించాలి. పద్ధతి చెప్పడానికి చాలా చిన్నది. అవతలి కుక్క కనిపించినా ఇంకా మొరగకుండా ఉండగలిగేంత దూరంలో నిలబడాలి. కుక్క కనబడగానే చికెన్ ముక్క పెట్టాలి. కుక్క వెళ్లిపోగానే చికెన్ ఆగిపోవాలి. కొన్ని వందల సార్లు ఇలా అయ్యాక, ఆ కుక్క వచ్చిందంటే నాకు చికెన్ వస్తుంది అని దాని మనసు మారుతుంది.

ఇందులో నేను నెల రోజులు ఒక తప్పు చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. దూరంగా కుక్క నాకు ముందే కనబడేది కదా, మిరియం చూడకముందే కంగారుగా సంచిలోంచి చికెన్ తీసి దాని ముక్కు దగ్గర పెట్టేదాన్ని. అటు చూడకుండా ఉంటుందని నా ఆశ. జరిగిందేంటంటే, నా చెయ్యి సంచిలోకి వెళ్లగానే ఎక్కడో కుక్క ఉందని అది అర్థం చేసుకుని ముందుగానే బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. చికెనే ప్రమాద సూచన అయిపోయింది. వరస ముఖ్యం. ముందు అది కుక్కని చూడాలి, ఆ తర్వాతే నా చెయ్యి కదలాలి. ఆ ఒక్క సెకను ఆగడం నేర్చుకోవడానికి దానికంటే నాకే ఎక్కువ టైం పట్టింది.

ఇంకో సమస్య, దూరం. విదేశాల వీడియోల్లో పెద్ద పార్కులో, ఓ చివర లీష్ పట్టుకుని ఒకావిడ బుద్ధిగా నిలబడి ఉంటుంది. మా వీధిలో ఎనిమిది కుక్కలు, ఏ ఒక్కదానికీ లీష్ లేదు, మన దూరాన్ని అవి పట్టించుకోవు. వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, చెవి కొస కత్తిరించి, మళ్ళీ తెచ్చి అదే వీధిలో వదులుతారు, కాబట్టి అవి ఎక్కడికీ పోవు, అసలు ఆ వీధి వాటిదే. చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక అమ్మే అంది, డాబా మీదకి తీసుకెళ్లొచ్చు కదే అని.

ఐదో అంతస్తు పైన డాబా. పిట్టగోడకి ఒకచోట సిమెంటు జాలీ ఉంది, సరిగ్గా మిరియం మూతి ఎత్తులో. కింద వీధి, ఎదురుగా ఖాళీ ప్లాట్లు, ఇసక కుప్ప మీద పడుకున్న కుక్కలు. పైకి రావడానికి వాటికి దారి లేదు, దూకడానికి దీనికి సందు లేదు. మొదటి రోజు పది నిమిషాలు. జాలీ లోంచి చూస్తుంది, చెవులు నిక్కబొడుచుకుంటాయి, నేను "ఆఁ" అంటాను, ముక్క పెడతాను. శనగ గింజంత ముక్క, అంతకంటే పెద్దది అక్కర్లేదు. మళ్ళీ చూస్తుంది, "ఆఁ", ముక్క. తొమ్మిదో రోజో పదో రోజో, కింద కుక్క మొరిగింది, మిరియం జాలీ వైపు ఒకసారి చూసి, ఠక్కున తల తిప్పి నా మొహంలోకి చూసింది. నీ "ఆఁ" ఏదీ అన్నట్టు. బట్టలు ఆరేస్తున్న మూడో అంతస్తు ఆంటీ నేను ఎగిరి గంతేయడం చూసి ఏం అనుకుందో ఏమో.

చికెన్ గురించి ఒక మాట. అమ్మ మాంసం ముట్టదు. మొదట పనీర్‌తో నెట్టుకొద్దామని చూశాం, ఇంట్లో తింటుంది గానీ వీధిలో మొహం తిప్పేసేది. చివరికి బాల్కనీలో ఒక పాత ఇండక్షన్ స్టవ్, దానికో గిన్నె, ఒక కత్తెర విడిగా పెట్టాం. ఫ్రిజ్‌లో కింది అరలో దాని డబ్బా. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "అయిపోవచ్చింది, తెచ్చుకో" అని తనే గుర్తుచేసేది.

లెక్క రాసింది కూడా అమ్మే. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో పాల ప్యాకెట్ల లెక్క పక్కనే "మి 4", "మి 2" అని. అంటే ఆ రోజు మిరియం ఎన్నిసార్లు గొడవ చేసింది అని. ఆ అంకెలు చూస్తేనే నాకు ఒక సంగతి తెలిసింది. గొడవలు ఒంటరిగా రావు. ముందురోజు ప్లంబర్ వచ్చాడు, పొద్దున పక్క ఫ్లాట్‌లో డ్రిల్లింగ్, సాయంత్రం వీధిలో పిల్లి, అంతే, మామూలుగా పట్టించుకోని దూరంలో ఉన్న కుక్క మీదకి లేచేది. స్టవ్ ఆపినా గిన్నె వేడి వెంటనే తగ్గదు కదా. 2022 దీపావళి తర్వాత వారం మొత్తం "మి 6", "మి 7". ఆ వారం బయటికి తీసుకెళ్లడమే మానేశాను, పాత దుప్పటి మడతల్లో అన్నం, చికెన్ చల్లి వెతుక్కోమనేదాన్ని. వాసన చూస్తూ తిండి వెతుక్కుంటే దాని ఒళ్లు వదులవుతుంది, కళ్లకి కనబడుతుంది ఆ తేడా.

వీధిలోకి దిగాక మాత్రం వేరే సరంజామా. మెడకి కాకుండా ఒంటికి తొడిగే, ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్, నడుముకి సంచి, చేతిలో గొడుగు. గొడుగు కొట్టడానికి కాదు, వీధికుక్క మీదకొస్తే మధ్యలో తెరవడానికి. ఇంకో సంచిలో రస్కులు, అవతలి కుక్కల వైపు గుప్పెడు విసిరితే అవి ఏరుకునే లోపు మనం తప్పుకోవచ్చు. "పద" అనగానే వెనక్కి తిరిగి నాతో వచ్చేయడం హాల్లో వందసార్లు ఆటలాగా నేర్పాను, భయంలో కొత్తది నేర్చుకోలేదు గానీ ఒంటికి పట్టినది చేసేస్తుంది. ఎప్పుడు వెళ్లాలో కూడా చూసుకోవాలి, తెల్లవారుజామున కుక్కలు గుంపులుగా తిరుగుతాయి, ఎండలో రోడ్డు కాలుతుంది, మాకు రాత్రి పదిన్నర కుదిరింది. మూతికి బుట్టలాంటి మజిల్ కూడా అలవాటు చేశాం, లోపల పెరుగు రాసి, దానంతట అదే మూతి పెట్టేదాకా మూడు వారాలు. మజిల్ చూసి మొదట జనం ఇంకా భయపడ్డారు, తర్వాత మాట్లాడటం మొదలుపెట్టారు.

ఈ పని మొదలుపెట్టిన ఎనిమిదో నెలలో లీష్ లేని పెంపుడు కుక్క ఒకటి "మాది ఏమీ చేయదండీ" అనే కేక వెనక వినిపిస్తుండగా పరుగెత్తుకొచ్చింది. గొడుగు తెరిచే టైం కూడా లేదు. రెండు నెలల పని పోయింది, మళ్ళీ డాబా. ఆ మాట అనేవాళ్లకి ఒకటే విన్నపం, మీది ఏమీ చేయకపోవచ్చు, ఎదుటిది చేస్తుంది.

2023 ఆగస్టు నాటికి క్యాలెండర్‌లో వరసగా పదకొండు గళ్లు ఖాళీగా వచ్చాయి. ఇప్పుడు రోడ్డుకి అవతల పక్క కుక్క పడుకుని ఉంటే మేం ఇవతల నుంచి నడిచిపోతాం, అది ఒకసారి చూస్తుంది, నన్ను చూస్తుంది, ముక్క తింటుంది. లిఫ్ట్ మాత్రం ఎక్కం. మూడు అంతస్తులు మెట్లే, ఇక ముందూ మెట్లే, ఆ డబ్బాలో ఎవరూ ఎటూ తప్పుకోలేరు.

నాలుగో అంతస్తు సార్‌తో ఎలా సర్దుకుందో చెప్పాలి. ఒకరోజు పెరుగు ప్యాకెట్లు రెండు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన నవ్వారు. ఆయన కుక్కకి కూడా లిఫ్ట్ ఎక్కే వయసు కాదట ఇప్పుడు, మోకాళ్లు పట్టేసి తలుపు సందు దాటడానికి భయపడుతోంది, నెమ్మదిగా మెట్ల మీదే దింపుతున్నారు. ఇంకేం, ఇద్దరిదీ ఒకే దారి. అందుకని ఆయన బయల్దేరే ముందు నాకు మిస్డ్ కాల్ ఇస్తారు, వాళ్లు దిగేదాకా మేం తలుపు వేసుకుని లోపల కూర్చుంటాం, మెట్ల మీద గోళ్ల చప్పుడు వినబడినంతసేపు నేను ముక్కలు పెడుతూ ఉంటాను. ఇది ఎంత బాగా పని చేసిందంటే, ఇప్పుడు నా ఫోన్ మోగితే చాలు, క్రెడిట్ కార్డ్ వాళ్లు చేసినా సరే, మిరియం వెళ్లి ఫ్రిజ్ ముందు కూర్చుంటోంది.