బౌమన్ గ్రేలో పాత బండ్ల చప్పుడు

"కార్లు గుండ్రంగా తిరుగుతుంటే చూడ్డానికి వంద మైళ్లు పోవాలంట్రా?" అన్నారు నాన్న. అమెరికా వచ్చి రెండు నెలలైంది. గుళ్లన్నీ చూశారు, నయాగరా చూశారు, నార్త్ కరోలినా రాష్ట్రం మోరిస్‌విల్‌లో మా వీధి చివరిదాకా రోజూ రెండు పూటలా నడుస్తున్నారు. "కొత్తవి కాదు నాన్నా, కార్బొరేటర్ బండ్లు" అన్నాను. ఇంకో మాట లేకుండా లేచి చొక్కా మార్చుకుని వచ్చారు.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి. బానెట్ ఎత్తకముందే చెవితోనే రోగం చెప్పేసేవారు. ఈ రెండు నెలల్లో ఆయన చెవికి పని దొరకలేదు, అది నాకు తెలుస్తూనే ఉంది.

ఐ-40 మీద గంటా నలభై నిమిషాల్లో విన్‌స్టన్ సేలం చేరాం. బౌమన్ గ్రే స్టేడియంని 1930ల మాంద్యం రోజుల్లో, పనుల్లేని జనానికి పని కల్పించడానికి ప్రభుత్వం కట్టించింది. మధ్యలో పచ్చటి ఫుట్‌బాల్ మైదానం, దాని చుట్టూ తారు ట్రాకు. ఒక చుట్టు పావు మైలు, అంటే దాదాపు 400 మీటర్లు. 1949 నుంచి ఇక్కడ నాస్కార్, అంటే స్టాక్ కార్ పందేలు నడిపే సంస్థ, రేసులు జరుగుతున్నాయి. వేసవి శనివారాల్లో ఊరు ఊరంతా ఇక్కడే ఉంటుందేమో అనిపించింది. తాతలు మనవల చేయి పట్టుకుని వచ్చారు. చాలామంది ఏళ్లుగా ఒకే చోట కూర్చుంటారట. మా పక్కనున్న పెద్దావిడ తన దిండు జరిపి నాన్నకి చోటిచ్చింది.

ఈ ట్రాకుకి మలుపుల్లో వాలు లేదు. డేటోనా లాంటి పెద్ద ట్రాకుల్లో మలుపు దగ్గర రోడ్డు 31 డిగ్రీలు లేచి ఉంటుంది, ఆ వాలే బండిని పట్టుకుంటుంది. ఇక్కడ పట్టు అంతా టైర్లదే. బ్రేకు కొట్టాలి, వెనక భాగం జారుతుండగానే స్టీరింగ్ సర్దుకోవాలి, సరిగ్గా ఆ క్షణంలో మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాలి. అంతలోనే ఇంకో మలుపు. చుట్టు మొత్తం మీద ఊపిరి పీల్చుకునే చోటంటూ లేదు. మామూలు రేసుల్లో ముందు బండిని బంపర్‌తో నెట్టి దారి చేసుకుంటారు. అందుకే దీన్ని మ్యాడ్‌హౌస్, అంటే పిచ్చాసుపత్రి అంటారు. పాత బండ్ల వాళ్లు మాత్రం నెట్టరు. ఎనభై ఏళ్ల నాటి రేకు సొట్టపడితే కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తారు?

స్టాక్ కార్ అంటే అసలు అర్థం షోరూంలో కొన్న మామూలు కారు అని. ఆ కార్లకి ఈ పరుగు నేర్పింది నాటుసారా. ఈ రాష్ట్రంలోని కొండ ఊళ్లలో కాచిన సారాని రాత్రిపూట పోలీసులకి దొరక్కుండా చేరవేయడానికి కుర్రాళ్లు ఇంజన్లు మార్చుకునేవారు. అలా సారా తోలిన జూనియర్ జాన్సన్ 1956లో తండ్రి బట్టీ దగ్గర దొరికి జైలుకెళ్లాడు. ఆయనే తన జీవితంలో మొత్తం 50 పెద్ద రేసులు గెలిచాడు. ఇది చెబితే నాన్న తల పంకించి, "బతకడానికి నేర్చుకున్న పని గట్టిగా వస్తుందిరా" అన్నారు.

పాత బండ్లు ట్రాకు మీదికొచ్చాయి. 1930ల నాటి ఫోర్డ్ కూపేలు, అంటే రెండు తలుపుల కార్లు, ముందు చక్రాల మీద మడ్‌గార్డులు లేవు, తలుపుల మీద చేత్తో రాసిన నంబర్లు. స్టార్ట్ చేయగానే శబ్దం ముందు బెంచీలోకి, తర్వాత నా ఎముకల్లోకి వచ్చింది. నాన్న కళ్లు మూసుకున్నారు. మూడో చుట్టులో నా మోచేయి పట్టుకున్నారు. "ఆ నల్లబండి చూడు. ఒక సిలిండర్ కొట్టడం లేదు." నాకు అన్నీ ఒకే హోరు. ఎనిమిదో చుట్టుకి ఆ నల్ల కూపే వెనకబడి మైదానం వైపు తప్పుకుంది.

బండ్లు బాగుచేసుకునే పిట్‌లోకి పాసు కొనుక్కుని వెళ్లేసరికి దాని బానెట్ తీసి ఉంది. డెబ్బై దాటిన ఒకాయన ఒక్కడే వంగి పనిచేస్తున్నాడు. నాన్నకి ఇంగ్లీషు రాదు. ఇంజన్ వైపు చూపించి, వేళ్లతో ఎనిమిది చూపించి, ఒక వేలు మడిచారు. ఆయన స్పానర్ ఆపి నాన్న మొహంలోకి చూశాడు. తర్వాత పక్కకి జరిగి చోటిచ్చాడు.

అది ఫ్లాట్‌హెడ్ వి8, ఎనిమిది సిలిండర్లది. ఫోర్డ్ 1932లో తెచ్చిన ఇంజన్. వాల్వులు సిలిండర్ పక్కనే బ్లాకులో ఉంటాయి, అందుకే పైన మూత బల్లపరుపుగా ఉండి, దాని మీద స్పార్క్ ప్లగ్గులు వరసగా నిలబడి ఉంటాయి. "సైడ్ వాల్వే! నేను పనిలో చేరినప్పుడు ల్యాండ్‌మాస్టర్‌కి ఇలాగే ఉండేది" అన్నారు నాన్న. ఆ గొంతు నేను చాలా ఏళ్లుగా వినలేదు. ఆ పెద్దాయన ఒక ప్లగ్గు విప్పి నాన్న అరచేతిలో పెట్టాడు. తడిగా, నల్లగా మసి పట్టి ఉంది. పక్క సిలిండర్‌ది బిస్కెట్ రంగులో పొడిగా ఉంది. నాన్న రెండిటినీ వెలుతురుకి పెట్టి చూసి, నల్లదాని వైరు పట్టుకుని మెల్లగా వంచారు. మూతి దగ్గర రబ్బరు సన్నగా చీలి ఉంది. మంట పుట్టించాల్సిన కరెంటు అక్కడే కారిపోతోంది. ఆ పెద్దాయన నోటితో ఈల వేసి డబ్బాలోంచి ఇంకో వైరు తీశాడు. బిగించింది ఆయనే. టార్చి పట్టుకుంది నాన్న.

రెండో రేసులో ఆ నల్ల కూపే పదిహేను చుట్లూ తిరిగింది. గెలవలేదు, ఐదోదిగా వచ్చింది. నాన్న కూర్చోలేదు, చుట్టు చుట్టుకీ "కొడుతోంది, కొడుతోంది" అంటూనే ఉన్నారు. గీత దాటాక ఆ పెద్దాయన పిట్ గోడ దగ్గర నిలబడి, మా వైపు తిరిగి, రెండు చేతుల వేళ్లతో ఎనిమిది చూపించాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి ఒంటిగంట. అమ్మ తలుపు తీసి, నాన్న చొక్కా చేతికున్న నల్ల మరక చూసి, ఏమీ అడగకుండా కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చింది.