కార్తీకంలో గోధుమ గొడవ

కార్తీకమాసం మొదలైతే చాలు, మా వీధిలో సత్యనారాయణ వ్రతాలు వరస కడతాయి. ఇవాళ పక్కింటి పిన్నిగారి వంతు. పిలుపు నిన్ననే వచ్చింది, నా టెన్షనూ నిన్ననే మొదలైంది. వ్రతం గురించి కాదు, ప్రసాదం గురించి. అన్నవరం కొండ మీదిదైనా, ఇంట్లో చేసుకునేదైనా ఆ ప్రసాదం గోధుమ నూకతోనే కదా. నాకేమో సీలియాక్ జబ్బు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళితే నా ఒళ్ళే నా చిన్నపేగు మీద తిరగబడుతుంది. పేగు లోపలి గోడకి నారుమడిలా ఒత్తుగా నిలబడి ఉండాల్సిన విల్లైలు, అంటే తిన్నదాన్ని పీల్చుకునే సన్నటి పోగులు, పడిపోతాయి. ఇక ఏం తిన్నా ఒంటికి పట్టదు. దీనికి మాత్రలు లేవు. జన్మంతా గోధుమ, బార్లీ, రై అనే గోధుమలాంటి ధాన్యం ముట్టకపోవడమే వైద్యం.

పొద్దున్నే పిండి మరకి వెళ్ళాను. సంక్రాంతికి వచ్చేదాకా బాబుకి హాస్టల్లో నంజుకోవడానికి జంతికలు పంపాలి. వండేటప్పుడు నేనూ ఒకటి నోట్లో వేసుకోకుండా ఉండను, అందుకే నా బియ్యం వేసే ముందు మరలో ఏం ఆడిందో తెలియాలి. మర అబ్బాయికి నా సంగతి తెలుసు. "ఆయ్, ఆగండి మేడం, నిన్న సాయంత్రం గోధుమలే ఆడాయి" అని, ఎవరిదో దోసెల బియ్యం ముందు పోసి, ఆ తర్వాత నావి వేశాడు. ఆ ముందు పోసినవాళ్ళ పిండిలో కాస్త గోధుమ కలిసి ఉంటుంది, పాపం. వాళ్ళకేం కాదులెండి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు పొట్టిక్కలు దింపుతున్నారు. పనసాకులు నాలుగు కలిపి పుల్లలతో కుట్టిన బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పట్టినవి. విప్పుతుంటే ఆకు ఈనెల అచ్చు పొట్టిక్క మీద పడి ఉంటుంది. బియ్యపు నూక, మినప్పప్పు, అంతే. ఈ జబ్బుతో బతకడానికి మా కోనసీమని మించిన చోటు ఉండదేమో. పూతరేకులు బియ్యపు పిండివే, అరిసెలు బియ్యపు పిండివే, సున్నుండలు మినుములవి. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద పండిందంతా వరే కాబట్టి, కాటన్ దొరకి దండం పెట్టేవాళ్ళలో నాదో ప్రత్యేకమైన కారణం.

అంత వరి మధ్యలో కూర్చుని నాకు ఈ తిప్పలేమిటంటే, గోధుమ ఇక్కడికి పథ్యంగా వచ్చింది. మా ఆయనకి షుగర్ బయటపడ్డాక ఇంటిల్లిపాదీ రాత్రుళ్ళు అన్నం మానేసి పుల్కాలకి మారాం. నా నీరసం పెరిగింది. కడుపు బాగోలేదంటే అందరూ చెప్పేది ఒకటే, బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తినమని. తినేదాన్ని, ఇంకా ఎక్కువయ్యేది. పేగు పాడైనప్పుడు పాలు కూడా అరగవని తర్వాత తెలిసింది. గ్యాస్ అన్నారు, అమీబా అన్నారు, రక్తం తగ్గిందని ఐరన్ మాత్రలు రాశారు. గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదిలో కనిపించే జబ్బు కాబట్టి ఇక్కడెవరికీ అటు ఆలోచన పోదు. చివరికి ఒక డాక్టరుగారు టీటీజీ రక్తపరీక్ష రాసి, ఎండోస్కోపీలో ముక్క తీయించి తేల్చారు. అనుమానం ఉన్నవాళ్ళకి ఒక్క మాట: పరీక్షలయ్యేదాకా గోధుమ మానకండి. మానేస్తే పేగు కోలుకుంటుంది, జబ్బు దొరకదు. హాలండులో 1944-45 చలికాలంలో బ్రెడ్డు కరువైతే ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారట. గోధుమ మీద అప్పటికే ఉన్న అనుమానం విలెం డికె అనే పిల్లల డాక్టరుకి దాంతో బలపడిందట. మనం మాత్రం ఇంకా రోగికి బ్రెడ్డే పెడుతున్నాం.

సరే, వ్రతం. కథ వింటుంటే నాకు కాళ్ళు వణుకుతాయి. ప్రసాదం వదిలేసి భర్త దగ్గరికి పరిగెత్తిన కళావతికి ఏమైందో, గొల్లవాళ్ళు పెట్టిన ప్రసాదం కాదన్న తుంగధ్వజుడికి ఏమైందో నాలుగో కథలోనూ అయిదో కథలోనూ ఉంది కదా. అందరి ముందూ చెయ్యి చాపకుండా కూర్చోవడం ఎలా? "స్వామి ప్రసాదం విషమవుతుందా, చిటికెడు వేసుకో" అనే పెద్దావిడ ఒకరు ఎప్పుడూ ఉంటారు. చిటికెడు తిన్న వెంటనే ఏమీ తెలియకపోవచ్చు కూడా, లోపల మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. ఇన్నాళ్ళూ కళ్ళకద్దుకుని మా ఆయన చేతిలో పెట్టేసేదాన్ని. ఆయన షుగర్ సంగతి స్వామే చూసుకున్నాడు.

ఇవాళ మాత్రం మొదటి కథలో నైవేద్యం గురించి పంతులుగారు చదువుతుంటే చెవిన పడింది: "అభావే శాలిచూర్ణం వా". కథ అయ్యాక వెళ్ళి అడిగాను. "అవునమ్మా, గోధుమ లేకపోతే బియ్యపు పిండితో చేసుకోవచ్చని అందులోనే ఉంది" అన్నారు. ఎన్నిసార్లు విన్నానో ఈ కథ! పిన్నిగారు పక్కనే ఉండి, "ముందే చెప్తే నీకోసం వరినూకతో గుప్పెడు చేసేదాన్ని కదే" అని నా మీదే కేకలేశారు. ఆవిడ వరినూకతో చేస్తారు సరే, గరిటె మాత్రం అదే గోధుమనూకలోంచి తీస్తారు. అది ఇంకో రోజు చెప్పాలి.

భోజనంలో ముద్దపప్పు, నెయ్యి, పెరుగుతో సరిపెట్టుకున్నాను. పులిహోర, పనసపొట్టు కూర ఇంగువ ఘుమఘుమలాడుతున్నాయి, అదే తంటా. ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చూడండి, చీమ తలకాయంత అక్షరాల్లో జిగురు, గోధుమ పిండి అని ఉంటుంది. అసలు ఇంగువ అందులో కాస్తే. బియ్యపు పిండి కలిపినవి కూడా ఉంటాయి, వెతుక్కోవాలి. గ్లూటెన్ రహితం అని వేయాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. ఆ ముద్ర మా సెంటర్లో కిరాణా కొట్టుకి ఇంకా చేరలేదు.

సాయంత్రం చుట్టాలబ్బాయి తాపేశ్వరం కాజాల డబ్బా ఇచ్చి వెళ్ళాడు. మైదా కాబట్టి నేను తినకూడదు, పాకం కాబట్టి మా ఆయన తినకూడదు, పళ్ళు లేవు కాబట్టి అత్తయ్యగారు తినలేరు. హాస్టల్ సంచిలోకి పోయింది. "జంతికల డబ్బా పక్కన పెట్టకండి, మూత ఊడితే కలిసిపోతాయి" అన్నాను మా ఆయనతో. "రెండూ తినేది వాడేగా, నీకేంటి?" అన్నారాయన. అయినా లేచి వెళ్ళి విడిగా సర్దాను.