స్లీవ్ సర్జరీకి ముందూ తరువాతా: వంటింట్లో మారవలసినవి

బరువు తగ్గడానికి శస్త్రచికిత్స చేయించుకున్నానని తెలిసిన బంధువులు, బ్యాంకులో తోటి ఉద్యోగులు నన్ను సాధారణంగా రెండు విషయాలు అడుగుతారు: ఎంత ఖర్చయింది, ఎంత నొప్పి పుట్టింది. అన్నం, పప్పు, పులుసు, పెరుగు చుట్టూ తిరిగే మన ఇంటి భోజనాన్ని ఆ తరువాత ఎలా తినాలన్నది మాత్రం ఎవరూ అడగరు. నా అనుభవంలో శ్రమంతా అక్కడే ఉంది. ఆపరేషన్ బల్ల మీద గడిచిన సమయం మనకు తెలియదు. దానికి ముందు వారాలు, తరువాతి నెలలు మాత్రం ప్రతి పూటా తెలుస్తూనే ఉంటాయి.

నా ఎత్తు 159 సెంటీమీటర్లు, అప్పటి బరువు 104 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే కొలత) 41. మందులకు సరిగా లొంగని షుగరు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా, మెట్లెక్కితే సహకరించని మోకాళ్లు ఉండేవి. అన్నం మానేయడం, జొన్నరొట్టెలు తినడం, పొద్దున్నే నడవడం అన్నీ చేశాను. తగ్గిన ప్రతిసారీ ఆ బరువు కొంత వడ్డీతో సహా తిరిగి వచ్చింది. దీనికి పట్టుదల లేకపోవడమే కారణమని చాలాకాలం విన్నాను. తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి శరీరం ఆకలి పెంచుకుంటుందని, శక్తి ఖర్చు తగ్గించుకుంటుందని మొదటిసారి వివరించిన వ్యక్తి మా సర్జన్.

నాకు చేసినది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపు మీద చిన్న గాట్లు పెట్టి, లాప్రోస్కోపీ ద్వారా జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా భాగాన్ని స్టేప్లర్‌తో కత్తిరించి తీసివేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నని గొట్టం. తీసివేసే భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను ఎక్కువగా తయారవుతుంది కాబట్టి, పట్టే పరిమాణంతో పాటు ఆకలి కూడా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ వేరు. అందులో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచి మాత్రమే ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఛాతీలో మంట, పులితేన్పులు బాగా ఉన్నవారికి సాధారణంగా బైపాస్ వైపు మొగ్గు చూపుతారు. ఈ ప్రశ్న ముందే డాక్టరుతో విడమరచి మాట్లాడుకోవాలి, ఎందుకంటే స్లీవ్ తరువాత ఆ మంట పెరిగే అవకాశం ఉంది.

ఎవరికి చేయవచ్చన్న కొలతలు మారాయి. 1991 నుంచి అమలులో ఉన్న అమెరికా ప్రమాణం ప్రకారం బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులు ఉండాలి. 2022లో ఈ శస్త్రచికిత్సలు చేసే సర్జన్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి దీన్ని సవరించి, 35 దాటిన వారికి ఇతర జబ్బులతో నిమిత్తం లేకుండా సూచించవచ్చని, ఆసియా దేశాల వారి విషయంలో 27.5 నుంచే పరిగణించవచ్చని చెప్పాయి. మనవాళ్లకు తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బు వస్తాయి కాబట్టి అది సమంజసమే. అయితే బీమా లెక్క ఇంకా పాత కొలతలోనే ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసిన నిబంధన ప్రకారం వయసు 18 నిండి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి; లేదా కనీసం 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగరు వంటివి ఉండి, ఇతర పద్ధతులు విఫలమై ఉండాలి. ఆ విఫలమైన ప్రయత్నాలకు కాగితం కావాలి. డైటీషియన్ చీటీలు, పాత షుగరు రిపోర్టులు, బరువు రాసిన ఓపీ పుస్తకాలు దాచుకున్న వారికి ఇక్కడ పని తేలికవుతుంది. మా వారు పాత బిల్లులు పారేయరు. ఆ అలవాటును ఇరవై ఏళ్లుగా విసుక్కున్న నేను మొదటిసారి మెచ్చుకున్నాను.

ముందు చేసే పరీక్షల జాబితా పెద్దది: ఎండోస్కోపీ, కడుపు స్కానింగు, ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), బీ12, విటమిన్ డి, ఐరన్, నిద్ర పరీక్ష. మానసిక నిపుణుడి సంప్రదింపు కూడా ఉంటుంది. "నాకేమైనా పిచ్చా" అని చాలామంది చిరాకు పడతారు గాని, ఆయన అడిగేది ఎప్పుడు తింటావు, ఎందుకు తింటావు, బాధ కలిగితే తింటావా, ఊసుపోక తింటావా అని. ఆ గంట సంభాషణ నాకు తరువాత బాగా పనికొచ్చింది, ఎందుకంటే నేను తినేదానిలో ఆకలి వాటా చాలా తక్కువని అక్కడే తేలింది. బ్యాంకులో నాలుగు గంటల టీతో పాటు వచ్చే మిర్చిబజ్జీ ఆకలికి వచ్చేది కాదు. రాత్రి గిన్నెలో మిగిలిన కూర "పారేయడం ఎందుకు" అని నా కంచంలోకి వచ్చేది. గ్రెలిన్ తగ్గినంత మాత్రాన ఇవి ఆగవు.

ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీలు, ఎక్కువ ప్రొటీన్ ఉండే ఆహారం ఇస్తారు. దీన్ని లివర్ డైట్ అని పిలుస్తారు. కొవ్వు పట్టిన కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం పైభాగాన్ని కప్పి ఉంటుంది. అది పెద్దదిగా ఉంటే సర్జన్‌కు చోటు దొరకదు, పైకెత్తేటప్పుడు రక్తస్రావం అయ్యే ప్రమాదమూ ఉంటుంది. పిండిపదార్థాలు తగ్గించిన కొద్ది రోజుల్లోనే కాలేయం కుంచించుకుంటుంది. మజ్జిగలో కలిపిన ప్రొటీన్ పొడి, ఉడికించిన గుడ్డు తెల్లసొన, సొరకాయ సూపు, దోసకాయ ముక్కలు అప్పటి నా ఆహారం. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఈ రోజుల్లో పాత మోతాదే కొనసాగిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదు మార్పు డాక్టరు చేత రాయించుకున్న తరువాతే డైట్ మొదలుపెట్టాలి. పొగతాగే వారు కనీసం ఆరు వారాల ముందే పూర్తిగా మానేయాలి.

ఈ రెండు వారాల్లోనే నేర్చుకోవలసిన మరో పని ఉంది. ఆపరేషన్ తరువాత భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్నాక కనీసం అరగంట ఆగాలి, ప్రతి ముద్దను పేస్టు అయ్యేదాకా నమలాలి. చెంబుతో నీళ్లు పక్కన పెట్టుకోనిదే కంచం ముందు కూర్చోని మనకు ఇది చిన్న విషయం కాదు. పైగా మన భోజనమే చివరికి పలచనయ్యేలా అమరింది: పప్పన్నం, తరువాత చారన్నం, తరువాత మజ్జిగన్నం. వీటిలో నమలవలసింది దాదాపు ఏమీ లేదు. చెంబును వంటింట్లోనే ఉంచి, కూరలు, పప్పు ముందు తిని అన్నాన్ని చివరికి నెట్టడం నేను అప్పుడే మొదలుపెట్టాను. ఇంట్లో వండేది మరొకరైతే, డైటీషియన్ దగ్గరికి వారిని కూడా తీసుకువెళ్లడం మంచిది. మా ఇంట్లో వంట అమ్మది. ఆమె డైటీషియన్ చెప్పినదంతా విని, "ఇంత తింటే మనిషి బతుకుతుందా అమ్మా?" అని సూటిగా అడిగింది, ఆ అమ్మాయి విసుక్కోకుండా, శరీరంలో నిల్వ ఉన్న కొవ్వే ఈ కొన్ని నెలలూ ఆహారమని, బయటి నుంచి తప్పనిసరిగా అందవలసినవి నీళ్లు, ప్రొటీన్, విటమిన్లు అని చెప్పింది. ఆ జవాబు లేకపోతే తరువాతి నెలల్లో మా ఇంట్లో ప్రతి పూటా వాదన నడిచేది.

నొప్పి సంగతి త్వరగా చెప్పేస్తాను. గాట్ల నొప్పి మాత్రలకు తగ్గే స్థాయిలోనే ఉంది. అంతకంటే ఇబ్బంది పెట్టింది భుజం నొప్పి. ఆపరేషన్ కోసం కడుపులో నింపిన కార్బన్ డయాక్సైడ్ ఛాతీకి, కడుపుకు మధ్య ఉండే డయాఫ్రమ్ కండరాన్ని రేపడం వల్ల అది వస్తుంది, నడిచేకొద్దీ తగ్గుతుంది. అదే రోజు లేపి నడిపిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మేజోళ్లు వేస్తారు, సూదిమందు ఇస్తారు, మూడు బంతుల స్పైరోమీటరుతో ఊపిరి పీల్పిస్తారు. సాధారణంగా రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఇంటికి వచ్చాక జ్వరం, నిమిషానికి 120 దాటిన నాడి, పెరుగుతున్న కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలికే వాపు కనిపిస్తే, తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. స్టేపుల్ వేసిన గీత నుంచి లీకు అయ్యే ప్రమాదం అరుదే అయినా, అది బయటపడేది ఎక్కువగా మొదటి వారాల్లోనే.

ఇక తినడం. మొదట తేట ద్రవాలు మాత్రమే: పెసరకట్టు తేట, కారం లేని చారు తేట, మజ్జిగ మీది తేట, కొద్దిగా కొబ్బరినీళ్లు. ఆస్పత్రిలో మందు తాగే ప్లాస్టిక్ మూత ఇచ్చి, 30 మిల్లీలీటర్లను చిన్న గుటకలుగా పావుగంట పాటు తాగమన్నారు. ఇంటికి వచ్చాక అమ్మ అటక మీది పెట్టెలో నుంచి నా చిన్నప్పటి ఉగ్గుగిన్నె తీసింది. దానిలో పట్టేది ఇంచుమించు అంతే; ఒక్కసారిగా గుటక వేద్దామన్నా దాని ముక్కు నుంచి ఎక్కువ రాదు. కొలత చెంచాలు, కప్పులు కొన్నాం గాని, ఆ వారాల్లో నేను వాడింది అదే.

తరువాత పాలు, చిక్కని మజ్జిగ, ప్రొటీన్ పొడి. ఆ తరువాత మెత్తని ముద్దపప్పు, గిలకొట్టిన పెరుగు, బాగా మెదిపిన గుడ్డు. అటుపైన ఉడికించిన చేప, పనీర్, ఇడ్లీ. మామూలు భోజనానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మనవాళ్లు ఇక్కడ రాగిజావను దివ్యౌషధంగా భావిస్తారు. మంచిదే, కాని జావలో ఉండేది ప్రధానంగా పిండిపదార్థం. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. పూటకు నాలుగైదు చెంచాలు మాత్రమే పట్టే రోజుల్లో ఆ చోటును జావతో నింపితే ప్రొటీన్‌కు ఖాళీ ఉండదు. అందుకే మొదటి నెలల్లో పొడి తప్పదు. స్లీవ్ గొట్టం అన్నింటినీ సమానంగా అడ్డుకోదన్నది కూడా గుర్తుంచుకోవాలి: మాంసం, పప్పు నిలుస్తాయి, ఐస్‌క్రీమ్, పాయసం, నోట్లో కరిగే స్వీట్లు, కారప్పూస సులువుగా జారిపోతాయి. ఏళ్ల తరువాత బరువు తిరిగి పెరిగిన వారిలో చాలామంది కథ ఈ దారిలోనే నడుస్తుంది.

విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. మల్టీవిటమిన్, బీ12, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్, అవసరాన్ని బట్టి ఐరన్ ఇస్తారు. ఐరన్‌కు, కాల్షియంకు మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రను కాఫీ, టీలతో వేసుకోకూడదు. శాకాహారులు, మెట్‌ఫార్మిన్ వాడేవారు బీ12 విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 లోపించి నరాలు దెబ్బతినవచ్చు కాబట్టి, "అరగలేదులే" అని సరిపెట్టుకోకూడదు. ఒంటి నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి డాక్టరును అడగకుండా వేసుకోవద్దని నాకు రాసిచ్చారు, పారాసిటమాల్ వాడుకోవచ్చు. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడకుండా ఆరు నెలలు ఒక మాత్ర ఇస్తారు. పెళ్లయిన అమ్మాయిలు కనీసం ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

మూడో నెల నుంచి జుట్టు రాలింది. ఇది దాదాపు అందరికీ జరిగేదే, కొన్ని నెలల్లో ఆగుతుంది. తిరుపతిలో ఇవ్వవలసిన తలనీలాలు బాత్రూములోనే పోతున్నాయని అమ్మ బాధపడింది. బరువు తగ్గడం కంటికి కనిపించడం మొదలయ్యాక పలకరింపులు వేరే రూపం తీసుకున్నాయి. మన దగ్గర లావుగా ఉన్నవారిని ఎగతాళి చేస్తారు, సన్నబడితే జబ్బు అంటగడతారు: "ఏంటి ఇలా చిక్కిపోయావు, షుగరు బాగా పెరిగిందా?" నిజానికి నా షుగరు ఆస్పత్రి నుంచి వచ్చిన కొద్ది కాలానికే తగ్గడం మొదలై, డాక్టరు ఒక్కొక్క మాత్రా ఆపుతూ వచ్చారు. జబ్బు నయమైందని ఆయన అనలేదు, ఉపశమించిందన్నారు; హెచ్‌బీఏ1సీ పరీక్ష మాత్రం ఆపవద్దన్నారు.

పెళ్లి భోజనం అన్నింటికంటే కష్టమైన పరీక్ష. ఆకులో వడ్డించింది వదిలేయడం తప్పని పెరిగిన మనిషికి, నాలుగు ముద్దలకే లోపల చోటు లేదని తెలిసినా చెయ్యి ఆగదు. కడుపుకు ఆ మర్యాద తెలియదు, ఒక్క ముద్ద ఎక్కువైనా ఛాతీలో బిగిసి వాంతి తెప్పిస్తుంది. వడ్డించే వారికి కూర్చోగానే చెప్పడం, ఆకుకు అడ్డంగా చెయ్యి పెట్టడం, పప్పు, వేపుడు, పెరుగు మాత్రం ఒక్కొక్క చెంచా వేయించుకోవడం నా పద్ధతి. "మొహమాటమా?" అని అడిగేవారికి "కడుపు ఆపరేషన్ అయిందండీ" అంటే వెంటనే ఊరుకుంటారు. బరువు గురించి అని చెబితేనే మొదలవుతుంది చర్చ.

స్లీవ్ తరువాత ఏడాది, ఏడాదిన్నరలో చాలామంది మొత్తం బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోతారు. నేను 77 కిలోల దగ్గర నిలిచాను. స్లీప్ ఆప్నియాకు రాత్రిపూట మాస్కుతో గాలి అందించే సీపాప్ యంత్రం మానేయవచ్చని మళ్లీ నిద్ర పరీక్ష చేశాక చెప్పారు, బీపీ మాత్ర మాత్రం ఒకటి మిగిలింది. పొట్ట మీది చర్మం వేలాడుతోంది, వ్యాయామంతో అది పూర్తిగా పోదు. ఈ మధ్య రాత్రి పూట పులితేన్పులు వస్తున్నాయి. తలవైపు ఎత్తు పెంచుకుని, రాత్రి భోజనం ఏడింటికే ముగించి, మాత్ర వాడుతున్నాను. వచ్చే నెల ఎండోస్కోపీ ఉంది. మంట మాత్రలకు లొంగకపోతే స్లీవ్‌ను బైపాస్‌గా మార్చే అవకాశం ఉందని సర్జన్ మొదటి రోజే చెప్పి ఉన్నారు, ఆ అవసరం వస్తుందో లేదో రిపోర్టు చూశాక తేలుతుంది.